ఒకటో కేటగిరీ సామాను

ఫౌజులో నౌకరీ చేసిన వాళ్ళకి క్లాసిఫికేషన్ అంటే ఏమిటో నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. రెస్ట్రిక్టెడ్, కాన్ఫిడెన్షియల్, సీక్రెట్, టాప్ సీక్రెట్ - ఈ నాలుగు ముద్రల మధ్యే మన సర్వీసంతా గడిచింది. చదువు పెద్దగా లేని రన్నర్ కూడా ఎర్ర ముద్ర పడిన కవరు చేతికిస్తే ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుస్తాడు. అయితే ఈ సంచికలో నేను రాయబోయేది కాగితాల క్లాసిఫికేషన్ గురించి కాదు, సామాన్ల క్లాసిఫికేషన్ గురించి.

అణుబాంబుకి పనికొచ్చే యురేనియం, ప్లుటోనియం, అలాగే ఆసుపత్రుల్లోనూ ఫ్యాక్టరీల్లోనూ వాడే రేడియోధార్మిక పదార్థాలు - వీటికి కూడా ప్రపంచ దేశాలు ఒప్పుకున్న తరగతులున్నాయి. కేటగిరీలు అంటారు. ఇందులో ఒకటో నంబరు అంటే గొప్పది అని కాదు, అన్నిటికన్నా ప్రమాదమైనది అని. ఈ కేటగిరీలు ఎవరో నలుగురు ఒక రోజు బల్ల చుట్టూ కూర్చుని రాసేసినవి కావు. చాలా గీతల వెనక ఒక ప్రమాదమో, ఒక దొంగతనమో ఉంది. ఆ చరిత్ర నాకు తెలిసినంత మటుకు చెప్తాను. నేను శాస్త్రవేత్తను కాను. శ్రీకాకుళం జిల్లా నుంచి ఇంటర్మీడియెట్ పాసై 1988లో సాపర్‌గా భర్తీ అయి, సుబేదారుగా ఇంటికొచ్చిన వాణ్ణి. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

సర్వీసులో ఉండగా నేను ఎన్‌బీసీ కేడర్ చేశాను. మాస్కు, సూటు, బూటు తొడిగించి ఉస్తాదులు ఎండలో పరిగెత్తించేవాళ్ళు. డోసు లెక్క, గాలి ఎటు వీస్తోంది, ఒక జవాను ఆ చోట ఎంతసేపు ఉండొచ్చు - అన్నీ నేర్పారు. కాని అవన్నీ బాంబు పేలిన తర్వాతి లెక్కలు. బాంబు లేకుండా, యుద్ధం లేకుండా, ఒక స్టోరులోంచి బయటికెళ్ళిన సామాను మనిషిని చంపుతుందనే సంగతి ఆ రోజుల్లో మా తలకెక్కలేదు.

రిటైరయ్యాక మనవాళ్ళు చాలామందిలాగే నేనూ ఒక ఫ్యాక్టరీలో సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేరాను. ఫ్యాక్టరీ పేరు ఇక్కడ అనవసరం. 2019లో ఒక సాయంత్రం తుక్కు లారీ గేటు దగ్గర ఆగింది. గేట్‌పాసు మీద 'పాత ఇనుము' అని ఉంది. కాటా చీటీ ఉంది. సంతకాలన్నీ సరిగ్గా ఉన్నాయి. లారీ ఎక్కి చూస్తున్న గార్డు కుర్రాడు పైనుంచి కేకేశాడు, "సార్, ఇక్కడ ఒక మోటారుంది, బాగానే ఉన్నట్టుంది. ఫ్యాను బొమ్మ కూడా ఉంది" అని.

ఎక్కి చూశాను. పైపు ముక్కకి బిగించిన చిన్న బిందె అంత ఇనప డబ్బా. దాని మీద పసుపు రంగు వెలిసిపోయిన రేకు. రేకు మీద మూడు రెక్కల గుర్తు. కుర్రాడి తప్పేమీ లేదు, చూడ్డానికి అది ఫ్యాను రెక్కల్లాగే ఉంటుంది. నాకు మాత్రం అరికాళ్ళు చల్లబడ్డాయి. అందరినీ దింపేసి, లారీ చుట్టూ దూరంగా తాడు కట్టించి, రేడియేషన్ భద్రత చూసే ఇంజనీరు గారికి ఫోను చేశాను. ఆయన హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ళ సర్వే మీటరు పట్టుకుని వచ్చారు. అది పెద్ద తొట్టిలో సరుకు ఎంత మట్టానికి వచ్చిందో చూపించే గేజి. లోపల సీజియం-137 ఉంటుంది. అదృష్టం కొద్దీ షట్టరు మూసే ఉంది, లోపలి సీసం డబ్బా పగల్లేదు. ఎవరికీ ఏమీ కాలేదు. కాని పాత రిజిస్టరు తీస్తే అలాంటి గేజీలు రెండని ఉంది. ఒకటి లారీలో దొరికింది. రెండోది ఏమైంది? అంతకు ముందు వారంలో మూడు తుక్కు లారీలు వెళ్ళాయి, మూడు గేట్‌పాసుల మీదా నా సంతకమే ఉంది. ఆ సంగతి చివర్లో చెప్తాను. ఆ రాత్రి నిద్రపట్టక మొదలుపెట్టిన చదువే ఈ వ్యాసం.

కథ అమెరికాలో మొదలవుతుంది. 1945 ఆగస్టు 21న, అంటే నాగసాకి మీద బాంబు పడిన పన్నెండు రోజులకి, లాస్ అలమోస్ ప్రయోగశాలలో హ్యారీ డాగ్లియన్ అనే యువ శాస్త్రవేత్త 6.2 కిలోల ప్లుటోనియం గుండు చుట్టూ టంగ్‌స్టన్ కార్బైడ్ ఇటుకలు పేరుస్తున్నాడు. ఒక ఇటుక చెయ్యి జారి గుండు మీద పడింది. ఒక్క క్షణం అణుచర్య మొదలైంది. ఇరవై అయిదు రోజులకి ఆయన చనిపోయాడు. ఆ రాత్రి ఆ గదిలో ఇంకో మనిషి కూడా ఉన్నాడు. కాపలా డ్యూటీలో ఉన్న ఒక సైనికుడు, కొన్ని అడుగుల దూరంలో కుర్చీలో కూర్చున్నాడు. ఆయన 1978లో లుకేమియాతో పోయాడు. దానికీ దీనికీ సంబంధం ఉందని ఎవరూ రుజువు చెయ్యలేరు. కాని సంత్రీ డ్యూటీ చేసిన నాలాంటి వాడు ఆ వాక్యం దగ్గర ఆగిపోతాడు. దేనికి కాపలా కాస్తున్నాడో ఆ సైనికుడికి ఎవరైనా చెప్పారా అని.

మర్నాటి ఏడాది, 1946 మే 21న, అదే గుండు. లూయీ స్లాటిన్ అనే శాస్త్రవేత్త దాని మీద బెరీలియం మూతని ఒక స్క్రూడ్రైవరు ఆధారంగా ఎత్తి పట్టుకుని ప్రయోగం చేస్తుంటే స్క్రూడ్రైవరు జారింది. తొమ్మిది రోజుల్లో ఆయనా పోయాడు. అదే ఏడాది ఆగస్టులో అమెరికా అణుశక్తి చట్టం చేసింది. అణు సమాచారానికి ప్రత్యేకమైన రహస్య ముద్ర పెట్టింది. అంటే ఆనాటి దృష్టంతా రహస్యం మీదే. కాగితానికి అంత కట్టుదిట్టం, సామానుకి మాత్రం స్క్రూడ్రైవరే దిక్కు.

1953 డిసెంబరు 8న ఐసెన్‌హోవర్ ఐక్యరాజ్యసమితిలో 'శాంతి కోసం అణువు' అని ప్రసంగించారు. 1957లో వియన్నాలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పుట్టింది. రియాక్టర్లు, ఇంధనం దేశదేశాలకీ వెళ్ళాయి. మన ట్రాంబేలో 1956 ఆగస్టులో మొదలైన అప్సరకి ఇంధనం బ్రిటన్ నుంచే వచ్చింది. సామాను ఇలా ఓడలెక్కి, రైళ్ళెక్కి తిరగడం మొదలయ్యాక, దేనికి ఎంత కాపలా పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. అన్నిటికీ ఒకే కాపలా పెడితే ఖర్చు తట్టుకోలేరు. మన యూనిట్లోనూ అంతే కదా. కోత్‌కి ఒక గార్డు, లంగర్ స్టోరుకి ఒక తాళం.

ఆ ప్రశ్నకి జవాబుగా 1975లో వియన్నా సంస్థ ఇన్ఫ్‌సర్క్-225 అనే పత్రం విడుదల చేసింది. తర్వాత దాన్ని చాలాసార్లు సవరించారు. ఇప్పుడున్నది 2011 నాటి అయిదో సవరణ. అందులోని పట్టిక తూకం మీద నడుస్తుంది. ప్లుటోనియం 2 కిలోలు, అంతకు మించితే ఒకటో కేటగిరీ. అర కిలో నుంచి 2 కిలోల లోపు రెండో కేటగిరీ. 15 గ్రాములు దాటి అర కిలో వరకు మూడోది. యురేనియం అయితే అందులో 235 రకం ఎంత శాతం ఉందో చూస్తారు. 20 శాతం, అంతకన్నా ఎక్కువ శుద్ధి చేసినదైతే, అందులోని 235 రకం తూకం 5 కిలోలకి ఒకటో కేటగిరీ, ఒక కిలో నుంచి 5 కిలోల లోపు రెండో కేటగిరీ. శుద్ధి శాతం తగ్గేకొద్దీ తూకం పెరుగుతుంది. సూత్రం తేలికే. ఇది దొంగ చేతిలో పడితే వాడు బాంబుకి ఎంత దగ్గరగా వెళ్ళినట్టు? ఆ దగ్గరతనమే కేటగిరీ. దాదాపు ఇదే పట్టికని 1980 మార్చి 3న సంతకాలకి పెట్టిన అణు పదార్థాల భౌతిక రక్షణ ఒప్పందంలోనూ చేర్చారు. అది 1987లో అమల్లోకి వచ్చింది. మన దేశం 2002లో చేరింది. మొదట్లో అది ముఖ్యంగా దేశాల మధ్య రవాణాలో ఉన్న సామానుకే. దేశం లోపల వాడుకలో, నిల్వలో, రవాణాలో ఉన్న సామానుకి కూడా వర్తించేలా 2005లో సవరించారు. ఆ సవరణ అమలు కావడానికి 2016 మే దాకా పట్టింది. పదకొండేళ్ళు!

ఆ పట్టికలో నన్ను ఆలోచనలో పడేసిన మాట ఒకటుంది. రియాక్టరులో వాడేసిన ఇంధనం నుంచి మీటరు దూరంలో గంటకి 100 రాడ్లకి మించి రేడియేషన్ వస్తుంటే దాని కేటగిరీ ఒక మెట్టు తగ్గించవచ్చునట. దగ్గరికొచ్చిన దొంగ తనే చస్తాడు కాబట్టి దానికదే కాపలా అన్నమాట. 1970ల్లో ఇది తెలివైన లెక్కే అయి ఉంటుంది. కాని ఒంటికి బాంబు కట్టుకుని వచ్చేవాళ్ళని చూసిన మన తరానికి ఈ లెక్క మింగుడుపడదు. చావడానికే వచ్చేవాణ్ణి చావుతో భయపెట్టలేం.

పట్టిక ఉన్నా పని జరగాలి కదా. సోవియట్ యూనియన్ విడిపోయాక ఏం జరిగిందో చూడండి. 1992లో మాస్కో దగ్గర పొడోల్స్క్‌లో ఒక అణు సంస్థ ఉద్యోగి 90 శాతం శుద్ధి చేసిన యురేనియం కొంచెం కొంచెంగా, నెలల తరబడి ఇంటికి మోసుకెళ్ళాడు. మొత్తం కిలోన్నర. లెక్కల్లో ఎందుకు బయటపడలేదంటే, పనిలో పోయే తరుగు కింద కొంత శాతం రాసుకునే వీలుంది, అతను ఆ తరుగు దాటకుండా తీశాడు. రేషన్ స్టోరు నడిపిన వాళ్ళకి ఈ విద్య విడమరచి చెప్పక్కర్లేదు. చివరికి పోలీసులు వేరే దొంగల కోసం చూస్తుంటే రైల్వే స్టేషన్లో ఇతనూ దొరికాడు. పట్టిక ప్రకారం అది రెండో కేటగిరీ సామాను. ఒక్కో రోజు తీసిన పిడికెడు మాత్రం మూడో కేటగిరీయే.

రెండోది ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి, ఎందుకంటే చేసినవాళ్ళు యూనిఫాం వాళ్ళు. 1993 నవంబరులో రష్యా ఉత్తర నౌకాదళానికి చెందిన ఇంధన గోదాములో, మూర్మాన్స్క్ దగ్గర, ఒక నేవీ ఆఫీసరు కంచె కంతలోంచి దూరి, తాళం కోసి, జలాంతర్గామి ఇంధనం ముక్కలు ఎత్తుకుపోయాడు. సుమారు 20 శాతం శుద్ధి చేసిన యురేనియం, నాలుగున్నర కిలోలు. పోతూ పోతూ తలుపు వేయడం మరిచిపోయాడు, అందుకే దొంగతనం బయటపడింది. సామాను నెలల తరబడి ఒక గ్యారేజీలో పడుంది. కేసు దర్యాప్తు చేసిన మిలిటరీ ప్రాసిక్యూటరు, బంగాళాదుంపల గోదాముకి ఇంతకన్నా మంచి కాపలా ఉంటుందని తర్వాత అన్నాడు. గార్డు కమాండరుగా ఎన్నో రాత్రులు గస్తీ తిరిగిన నాకు ఆ మాట సూదిలా గుచ్చుకుంది.

ఈ పట్టిక తెలిస్తే పేపరు చదవడం కూడా తేలికవుతుంది. 2021 మేలో ముంబైలో 7 కిలోల పైచిలుకు యురేనియం పట్టుకున్నారని, విలువ 21 కోట్లని పెద్ద అక్షరాల్లో వేశారు. అది సహజ యురేనియం. మన కడప జిల్లా తుమ్మలపల్లె గనిలోంచి వచ్చేదీ సహజ యురేనియమే. ఆ తూకంలో అది మూడో కేటగిరీలోకి కూడా రాదు. నేరం నేరమే, అది వేరే సంగతి. అలాగే మన పల్లెల్లో 'రైస్ పుల్లింగ్' చెంబు అని, ఇరిడియం ఉందని, రేడియేషన్ వస్తుందని వెండి రంగు సూట్లు తొడుక్కుని లక్షలు గుంజే మోసగాళ్ళున్నారు. పెన్షన్ కమ్యూటేషన్ డబ్బు అందులో పోసినవాళ్ళ గురించి వింటుంటే కడుపు తరుక్కుపోతుంది. నిజంగా రేడియేషన్ వచ్చే ఇరిడియం-192 పైపుల వెల్డింగు పరీక్షించే కెమెరాల్లో ఉంటుంది. అది రెండో కేటగిరీ సామాను. దాన్ని చెంబులో పెట్టి బియ్యం గింజల ముందు ఆడించేవాడు ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు.

ఇంతవరకు చెప్పింది బాంబు సామాను. ఇప్పుడు రెండో పట్టిక. ఇది సీసం డబ్బాల్లో ఉండే సోర్సులది. క్యాన్సర్ చికిత్సకి, వెల్డింగు పరీక్షకి, గేజీలకి వాడేవి. వీటితో అణుబాంబు తయారవదు. అందుకే చాలాకాలం వీటిని ఎవరూ దొంగల కన్నుతో చూడలేదు. ఆ కన్ను తెరిపించిన ఊరు బ్రెజిల్ దేశంలోని గోయానియా.

అక్కడ ఒక ప్రైవేటు క్యాన్సర్ చికిత్సాలయం 1985 చివర్లో వేరే చోటికి మారుతూ ఒక పాత యంత్రాన్ని వదిలేసింది. అందులో 93 గ్రాముల సీజియం క్లోరైడు ఉంది, ఉప్పులా కరిగే పొడి. 1987 సెప్టెంబరు 13న పాత సామాన్లు ఏరుకునే ఇద్దరు ఆ శిథిలాల్లో దూరి, సీసం తల బాగా ధర పలుకుతుందని ఊడదీసి, తోపుడు బండి మీద ఇంటికి తీసుకెళ్ళారు. ఆ రోజే వాంతులు మొదలయ్యాయి. తిన్నది పడలేదనుకున్నారు. తర్వాత దాన్ని పాత ఇనప సామాన్ల వ్యాపారికి అమ్మేశారు. రాత్రి ఆ గొట్టంలోంచి నీలం వెలుగు వస్తోంది. వ్యాపారికి ముచ్చటేసింది. చుట్టాలని పిలిచి చూపించాడు, తలా కొంచెం పంచిపెట్టాడు. కొందరు ఒంటికి రాసుకున్నారు. ఆరేళ్ళ పాప ఆ పొడి అంటిన చేత్తోనే అన్నం తింది.

ఇంట్లో అందరూ జబ్బు పడుతుంటే అనుమానం వచ్చింది ఎవరికో తెలుసా? డాక్టర్లకి కాదు, ఆ వ్యాపారి భార్యకి. సెప్టెంబరు 28న ఆమె ఒక పనివాణ్ణి వెంటబెట్టుకుని, ఆ మిగిలిన ముక్కల్ని సంచిలో వేసుకుని, సిటీ బస్సెక్కి ఆరోగ్య శాఖ ఆఫీసుకి వెళ్ళింది. తన వాళ్ళని చంపుతున్నది ఇదేనని చెప్పింది. మర్నాడు ఒక భౌతిక శాస్త్రవేత్త ఖనిజాలు వెతికే మీటరు ఒకటి అరువు తెచ్చుకుని అటు బయల్దేరాడు. దూరంగా ఉండగానే ముల్లు చివరికి వెళ్ళిపోయింది. మీటరు పాడైందనుకుని వెనక్కెళ్ళి ఇంకొకటి తెచ్చాడు. అదీ అంతే. అప్పుడు అర్థమైంది. లక్షా పన్నెండు వేల మందిని స్టేడియంలో వరసలు కట్టించి పరీక్షించారు. 249 మందికి పొడి అంటినట్టు తేలింది. నలుగురు చనిపోయారు. ఆ పాపా, ఆ ఇల్లాలూ ఆ నలుగురిలో ఉన్నారు. బడి చదువు లేకపోయినా సరైన పని చేసిన మనిషి ఆమె ఒక్కతే అని నా అభిప్రాయం.

తర్వాత అలాంటివే మరికొన్ని. 2000లో థాయిలాండ్‌లోని సముత్ ప్రకాన్‌లో కోబాల్టు సోర్సు తుక్కులోకి వెళ్ళి ముగ్గురు చనిపోయారు. 2001 డిసెంబరులో జార్జియా దేశంలో లియా అనే పల్లె దగ్గర కట్టెలకి వెళ్ళిన ముగ్గురికి మంచులో రెండు వెచ్చని గొట్టాలు కనిపించాయి. చుట్టూ మంచు కరిగిపోయి ఉంది. చలికి వాటినే కుంపటిలా పెట్టుకుని రాత్రంతా గడిపారు. అవి సోవియట్ కాలంలో మారుమూల రేడియో పరికరాలకి కరెంటు ఇచ్చిన స్ట్రాన్షియం-90 సోర్సులు. సియాచిన్‌లోనో ద్రాస్‌లోనో ఉన్నవాళ్ళు చెప్పండి, మీరైతే ఆ వెచ్చదనం వదిలి వెళ్ళేవారా?

అమెరికాలో 2001 సెప్టెంబరు 11 దాడులు జరిగాక ఇంకో భయం పుట్టింది. మామూలు పేలుడు పదార్థానికి సీజియం కట్టి జనంలో పేలిస్తే? అసలు ఆ సూచన 1995 నవంబరులోనే వచ్చింది. చెచెన్ తిరుగుబాటుదారులు మాస్కోలోని ఇజ్మాయిలోవో పార్కులో సీజియం పాతిపెట్టి, టీవీ వాళ్ళకి చెప్పి మరీ తవ్వించారు. పేల్చలేదు, పేల్చగలమని చూపించారు. అంతవరకు ఇది సేఫ్టీ వ్యవహారం, అప్పట్నుంచి సెక్యూరిటీ వ్యవహారం కూడా అయింది. తెలుగులో మనం రెండిటినీ భద్రత అనే అంటాం, అందుకే గందరగోళం. సేఫ్టీ అంటే సామాను నుంచి మనిషిని కాపాడటం. సెక్యూరిటీ అంటే మనిషి నుంచి సామానుని కాపాడటం.

2003లో వియన్నా సంస్థ సోర్సులకి అయిదు కేటగిరీలు ప్రకటించింది, 2005లో దాన్ని పక్కా మార్గదర్శిగా అచ్చువేసింది. ఇది తూకం పట్టిక కాదు, దెబ్బ పట్టిక. ఒక్కో పదార్థానికి ఒక హద్దు పెట్టారు. అదుపు తప్పితే మనిషిని శాశ్వతంగా దెబ్బతీయగల మోతాదు అది. కోబాల్టు-60కి 0.03 టెరాబెక్వెరల్, సీజియం-137కి 0.1. మన దగ్గరున్న సోర్సు ఆ హద్దుకి ఎన్ని రెట్లుందో చూడాలి. వెయ్యి రెట్లు, ఆ పైన అయితే ఒకటో కేటగిరీ. అడ్డం లేకుండా కొన్ని నిమిషాల నుంచి గంట దాకా దగ్గరుంటే ప్రాణం పోవచ్చు. పది నుంచి వెయ్యి దాకా రెండోది. గంటల నుంచి రోజుల పాటు దగ్గరుంటే ప్రాణం పోవచ్చు. ఒకటి నుంచి పది దాకా మూడోది. అంతకు దిగువన నాలుగు, అయిదు. ఒకటో కేటగిరీకి అన్నిటికన్నా గట్టి కాపలా, రెండోదానికి అంతకన్నా కొంచెం తక్కువ, ఇలా దిగుతుంది.

గోయానియా సోర్సు బలం 50.9 టెరాబెక్వెరల్. సీజియం హద్దు 0.1తో భాగిస్తే 509. అంటే లెక్క ప్రకారం రెండో కేటగిరీయే! ఊరంతటినీ అల్లకల్లోలం చేసింది రెండో కేటగిరీ ఏమిటని నేను రెండుసార్లు భాగించి చూసుకున్నాను. మార్గదర్శి రాసినవాళ్ళకీ ఈ సంగతి తెలుసు. అందుకే అంకె ఎంత వచ్చినా క్యాన్సర్ చికిత్స యంత్రాల సోర్సుల్ని వాడకాన్ని బట్టి ఒకటో కేటగిరీలోనే పెట్టారు. అంకెని నమ్మి అనుభవాన్ని వదిలెయ్యలేదు. ఆ పని నాకు నచ్చింది.

ఇక మన దేశం. అణుశక్తి నియంత్రణ మండలి, అదే ఏఈఆర్‌బీ, 1983 నవంబరులో ఏర్పడింది. అంతకు ముందే దేశంలోకి వచ్చిన సోర్సులు చాలా ఉన్నాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగంలో కెనడా నుంచి తెప్పించిన కోబాల్టు-60 గామా సెల్ ఒకటి ఉండేది. 1985 నుంచి దాన్ని వాడటం లేదు. వాడిన ప్రొఫెసర్లు రిటైరైపోయారు. ఇరవై అయిదేళ్ళు ఒక గదిలో పడుంది. 2010 ఫిబ్రవరిలో పాత సామాన్లతో పాటు వేలం వేసేశారు. మాయాపురి తుక్కు బజారులో దాన్ని విప్పారు. ఏప్రిల్లో ఒక్కొక్కరూ ఆసుపత్రిలో చేరడం మొదలైంది. చర్మం నల్లబడింది, జుట్టు ఊడింది. ఒకాయన మెరిసే చిన్న ముక్కని పర్సులో పెట్టుకు తిరిగాడు. ఏడుగురు రేడియేషన్ దెబ్బ తిన్నారు, ఏప్రిల్ 26న ఒకరు చనిపోయారు. చనిపోయినవాడు ఆ కొట్లో పనిచేసే మనిషి.

కోబాల్టు-60 బలం ప్రతి 5.27 ఏళ్ళకీ సగమవుతుంది. అంటే వాడటం మానేసిన ఆ ఇరవై అయిదేళ్ళలో అది సుమారు ఇరవై ఏడో వంతుకి పడిపోయింది. ఆ మిగిలినదే ఇంత పని చేసింది. కండెమ్నేషన్ బోర్డుల్లో కూర్చున్న మనకి ఇది ఎలా జరిగిందో ఊహించడం కష్టం కాదు. లిస్టు టైపు చేస్తారు, పాత యంత్రం ఒకటి అని రాస్తారు, ముగ్గురు సంతకాలు పెడతారు. నేనూ పెట్టాను, ఎన్నో. ప్రతి వస్తువూ విప్పి చూశానని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేను. మాయాపురి తర్వాత, 2011లో ఏఈఆర్‌బీ సోర్సుల కాపలా గురించి ప్రత్యేకంగా ఒక మార్గదర్శి విడుదల చేసింది. పాత సోర్సులు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికించింది.

మళ్ళీ ఆ మూడు రెక్కల గుర్తు దగ్గరికి వస్తాను. అది 1946లో కాలిఫోర్నియాలోని బర్కిలీ ప్రయోగశాలలో గీసిన బొమ్మ. ప్రయోగశాల వాళ్ళు తమలో తాము తెలుసుకోవడానికి గీసుకున్నది. దానిలో చావు బొమ్మ లేదు, పరిగెత్తమనే సైగ లేదు. థాయిలాండ్ తుక్కు కార్మికులకీ ఆ గుర్తు ఏమీ చెప్పలేదు. అందుకని 2007లో కొత్త గుర్తు తెచ్చారు. ఎర్ర త్రికోణంలో పైన రెక్కల గుర్తు నుంచి కిరణాలు, కింద పుర్రె, పక్కన పరిగెత్తే మనిషి. మన దేశంతో సహా 11 దేశాల్లో సుమారు 1,650 మందికి చూపించి, ఏమర్థమైందని అడిగి మరీ ఖాయం చేశారు. దాన్ని బయట తలుపు మీద అంటించరు. యంత్రం లోపల, సోర్సు ఉన్న డబ్బా మీద అంటిస్తారు, విప్పేవాడికి మాత్రమే కనబడేలా. అది మొదటి మూడు కేటగిరీలకే.

మా గేటు దగ్గర దొరికిన గేజి రేకు మీద 100 మిల్లీక్యూరీలని ఉంది. ఇంటికొచ్చి క్యాలెండరు వెనక లెక్క వేశాను. 0.0037 టెరాబెక్వెరల్. హద్దుతో భాగిస్తే 0.037. నాలుగో కేటగిరీ. దానికి పుర్రె బొమ్మ అక్కర్లేదు. ప్రాణం తీసేది కూడా కాదు. ఈ మాట విని కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. కాని ఇంజనీరు గారు ఇంకో సంగతి చెప్పారు. అలాంటి డబ్బా తుక్కుతో పాటు కొలిమిలో పడితే సీజియం ఆవిరై పొగ గొట్టాల దుమ్ములో చేరుతుందట, 1998లో స్పెయిన్‌లో ఒక ఉక్కు కర్మాగారంలో అలాగే జరిగిందట. కోబాల్టయితే ఉక్కులోనే కలిసిపోతుంది. 2008లో ఫ్రాన్స్‌లో లిఫ్టు బటన్లలో కోబాల్టు-60 బయటపడితే ఆ ఉక్కు మన దేశం నుంచే వెళ్ళింది.

రెండో గేజి కోసం పదకొండు రోజులు వెతికారు. ఏఈఆర్‌బీకి రాశారు. మూడు లారీలు వెళ్ళిన తుక్కు కొట్టుకి మీటరు పట్టుకుని వెళ్ళారు, నేనూ వెళ్ళాను. అక్కడ పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలు ఇనప ముక్కలు వేరుచేస్తున్నారు. మీటరు ఎక్కడ టిక్కుమన్నా నా గుండె ఆగినట్టయ్యేది. ఏమీ దొరకలేదు. ఆ పదకొండు రోజులూ మా ఆవిడ అడుగుతూనే ఉంది, ఏమిటలా ఉన్నారని. కార్గిల్ రోజుల్లో కూడా ఇంత భయపడ్డట్టు నాకు గుర్తులేదు. అక్కడ భయం నా ప్రాణానికి. ఇక్కడ నా సంతకానికి ఏ పిల్లాడు బలవుతాడో అని.

పదకొండో రోజు పాత స్టోరులో చిరిగిన గోనెసంచుల గుట్ట కింద దొరికింది, షట్టరు మూసి, తాళంతో సహా. ఎవరో ఎప్పుడో భద్రంగా ఉంటుందని అక్కడ పెట్టి, రిజిస్టరులో రాయకుండా ట్రాన్స్‌ఫరై వెళ్ళిపోయారు. రెండు గేజీలనీ సరఫరా చేసిన కంపెనీకి పద్ధతి ప్రకారం తిరిగి పంపారు. వెళ్ళేటప్పుడు గేటు రిజిస్టరులో 'ఇనుము' అని రాయబోతున్న గుమాస్తా చేతిలోంచి పెన్ను తీసుకుని, 'సీజియం-137, రెండు, నాలుగో కేటగిరీ' అని నేనే రాశాను.